గోల్కొండ కింద తవ్విన మూడు సొరంగాలు

ఈసారి ముచ్చట కొంచెం పెద్దది. నాట్లు అయినోళ్లు ఇప్పుడే చదవండి, కానోళ్లు రాత్రి బువ్వ తిన్నాక తీరికగా చదవండి.

గోల్కొండ సొరంగం అనగానే మనందరికీ గుర్తొచ్చేది ఒకటే. గోల్కొండ నుంచి చార్మినార్ దాకా భూమి లోపల దారి ఉందని, రాజులు అందులో గుర్రాల మీద పోయేవాళ్లని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ దారిలో ఇటు దిగి అటు తేలినోళ్లను నేనైతే చూడలేదు. కానీ గోల్కొండ కింద నిజంగా తవ్విన సొరంగాలు ఉన్నాయి. వాటి గురించి చరిత్రలో రాసి ఉంది. అవి లోపలి రాజు పారిపోవడానికి తవ్వినవి కావు. బయట నుంచి ఔరంగజేబు సైన్యం కోటను కూల్చడానికి తవ్వినవి. 1687వ సంవత్సరం. మూడు సొరంగాలు తవ్వారు, మూడూ ఎదురుతిరిగాయి. ఎందుకు ఎదురుతిరిగాయో పుస్తకం చదివినోళ్లకంటే బాయి తవ్విన రైతుకే తొందరగా అర్థమవుతది. అందుకే రాస్తున్నా.

ముందు సంగతి క్లుప్తంగా చెప్తా. 1686లో ఔరంగజేబు బీజాపూర్‌ను పట్టుకున్నాడు. దక్కన్‌లో ఇంక మిగిలిన పెద్ద సుల్తాను మన అబుల్ హసన్ తానీషా ఒక్కడే. 1687 జనవరి చివర్లో ఔరంగజేబు తన పెద్ద సైన్యంతో గోల్కొండ ముందుకొచ్చి దిగాడు. వచ్చీ రాగానే నేరుగా కోట మీద పడదామని చూశారు. ఆ ప్రయత్నంలోనే ఖిలీచ్ ఖాన్ అనే పెద్ద సర్దారు ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. ఈయన మన మొదటి నిజాంకు తాత. ఇది ఒక్కరోజులో తేలే పని కాదని వాళ్లకు అప్పుడే అర్థమైంది.

గోల్కొండకు పోయినోళ్లకు తెలుసు, అది ఒక్క గోడ కాదు. బయట కొన్ని కిలోమీటర్ల ప్రాకారం, దానికి 87 బురుజులు, 8 దర్వాజాలు. ఆ గోడ చుట్టూ లోతైన కందకం. లోపల ఇంకో గోడ, మధ్యలో గుట్ట మీద బాలాహిస్సార్. ఫిరంగులు పెట్టి కొడితే గోడ పెచ్చులు ఊడతాయి తప్ప కూలదు. పైగా లోపల నుంచి రాత్రింబగళ్లు ఎదురు గుండ్లు. నిచ్చెన వేసి ఎక్కుదామంటే కందకం అడ్డం.

కందకం నింపడానికి ఔరంగజేబు 50,000 నూలు సంచులు తెప్పించమని హుకుం ఇచ్చాడని ఖాఫీ ఖాన్ అనే మొగల్ చరిత్రకారుడు రాశాడు. సంచుల్లో మట్టి నింపి కందకంలో పడేయాలి. మొదటి సంచిని పాదుషాయే వజూ చేసుకొని తన చేత్తో కుట్టాడట. ఆయన మీద ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా, పని మీద పట్టుదల మాత్రం తక్కువది కాదు.

మే 16 రాత్రి ఇంకో ప్రయత్నం చేశారు. ఫిరోజ్ జంగ్ అనే సేనాని మనుషులు చీకట్లో చప్పుడు లేకుండా నిచ్చెనలు వేసి గోడ ఎక్కారు. కోటలో ఒక కుక్క మొరిగింది. కాపలావాళ్లు లేచారు, ఎక్కినోళ్లను కిందికి తోసేశారు. తానీషా ఆ కుక్క మెడలో బంగారు పట్టా వేయించాడని రాశారు. మన పొలం కాడ కుక్కకు మిగిలిన బువ్వ పెట్టి ఊరుకుంటాం గానీ, దాని విలువ ఇంత ఉంటది.

నేల మీద పని కాలేదు, గోడ మీద పని కాలేదు. ఇక మిగిలింది నేల కింద.

కోటల కింద సొరంగం తవ్వడం కొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే దీని గురించి ఉంది. తుపాకి మందు రాకముందు గోడ పునాది కింద తవ్వి, కట్టెలతో ముట్లు పెట్టి, ఆ కట్టెలకు నిప్పు పెట్టేవాళ్లు. ముట్లు కాలిపోతే గోడ కుంగేది. మందు వచ్చాక పని మారింది. సొరంగం చివర, సరిగ్గా బురుజు కింద, ఒక గదిలా తవ్వి అందులో మందు నింపుతారు. దాని నుంచి బయటికి వత్తి వేస్తారు. మందు గదికి, సొరంగం మూతికి మధ్య రాళ్లు, మట్టి బాగా దట్టించి మూసేస్తారు. వత్తి అంటిస్తే బురుజు ఎగిరిపోవాలి. ఆ దుమ్ము ఆరకముందే సైన్యం ఆ సందులోంచి లోపలికి దూకాలి.

బాయిలో బండ పేల్చినోళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తూటా పెట్టినప్పుడు పైన మట్టి ఎందుకు దట్టిస్తాం? దట్టించకపోతే మందు బండను పగలగొట్టదు, బొక్కలోంచే బయటికి తన్నుతది. పేలుడు ఎప్పుడైనా మెత్తగా ఉన్న దిక్కుకే పోతది. ఎవరు కాల్చారు, ఎవరి కోసం కాల్చారు అని మందు చూడదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తది.

మొగలులకు ఈ పని ప్రమాదం అంతకుముందే తెలుసు. 1567లో అక్బరు చిత్తోడ్ కోట ముట్టడిలో రెండు సొరంగాలు తవ్వించాడు. ఒకదానిలో 120 మణుగుల మందు, రెండోదానిలో 80 మణుగులు పెట్టించాడు. రెండూ ఒకేసారి పేలాలి. ముందు ఒకటి పేలింది. గోడ పడిందని సైనికులు ఉరికారు. వాళ్లు అక్కడికి చేరేసరికి రెండోది పేలింది. మొగలు సైన్యంలో సుమారు 200 మంది సొంత మందుకే బలైపోయారు. వత్తి కాలే టైములో తేడా, అంతే.

ఇప్పుడు గోల్కొండ లెక్క చూడండి. మూడు సొరంగాలు, ఒక్కోదానిలో 500 మణుగుల మందు. మన పెద్దలు చెప్పే మణుగు ఎనిమిది వీశెలు, పదకొండు పన్నెండు కిలోలు. మొగలుల మణుగు అంతకంటే చాలా పెద్దది. అక్బరు కాలం లెక్క వేసుకున్నా దాదాపు 25 కిలోలు. అంటే ఒక్కో సొరంగంలో తక్కువలో తక్కువ 125 క్వింటాళ్లు. బస్తాలు మోసినోళ్లు ఊహించుకోండి, అదంతా వంగి నడిచే సందులోంచి చీకట్లో మోసుకుపోవాలి. దీపం పెడదామంటే ఉన్నది మందు.

ముట్టడి దళాలు కందకాలు తవ్వుకుంటూ నెల దాటిన కొద్ది రోజులకే కోట కందకం అంచు దాకా వచ్చేశాయి. అక్కడి నుంచి కోట కందకం కింది నుంచి పోయి బురుజుల కిందికి చేరాలి. హైదరాబాద్ చుట్టుపక్కల నేల మనకు తెలియంది కాదు. కాస్త మట్టి, దాని కింద మొరం, ఆ కింద నల్లబండ. మొరంలో తవ్వితే గడ్డపార ప్రతి దెబ్బా వినపడతది. ఎండాకాలం అర్ధరాత్రి పక్క పొలంలో బాయి తవ్వుతుంటే మన మంచం కోళ్లకు తెలుస్తది గదా, అట్లా.

లోపలివాళ్లు అది విన్నారు.

దీనికీ అర్థశాస్త్రంలో ఉపాయం ఉంది. కోట కింద సొరంగం వస్తుందని అనుమానం ఉన్న చోట్ల నీళ్ల కుండలు, కంచు పాత్రలు పెట్టి చూడాలని అందులో ఉంది. కింద తవ్వుతుంటే కుండలో నీళ్లు వణుకుతాయి, కంచు మోగుతది. దారి ఎటు వస్తుందో తెలిశాక లోపల నుంచి ఎదురు సొరంగం తవ్వాలి, మధ్యలో పొడిచి అందులోకి పొగ గానీ నీళ్లు గానీ వదలాలి. గోల్కొండవాళ్లు చేసింది అచ్చంగా ఇదే.

లోపలివాళ్లు రాళ్లు కొట్టే పనోళ్లను పెట్టి ఎదురు సొరంగాలు తవ్వించారు. పైన గుండ్లు పడుతుంటే కింద వీళ్లు చెవి పెట్టి వింటూ, తప్పుకుంటూ, చప్పుడు కాకుండా మందు గదుల దాకా పోయారు. ఒక సొరంగంలో మందు, వత్తి మొత్తం తీసేసి నీళ్లు నింపారు. మిగతా రెండింటిలో ఇంకా తెలివిగా చేశారు. తమ వైపు ఉన్న మందును చేతనైనంత తీసేశారు, మిగిలిన దాన్ని నీళ్లతో తడిపేశారు. బయటి వైపు, అంటే మొగలుల వైపు ఉన్న మందు మాత్రం పొడిగా అట్లాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేను గుర్తు పెట్టుకోమన్న మాట తీయండి. కోట వైపు తడిసిన మందు, బురద. బయటి వైపు పొడి మందు. నిప్పు పెడితే అది ఎటు తన్నుతది?

ఈ పని జరుగుతున్న రోజుల్లోనే, జూన్ మధ్యలో వానలు మొదలయ్యాయి. ఒక వాన రాత్రి కోటవాళ్లు బయటికొచ్చి మొగల్ ఫిరంగుల మీద పడ్డారు. గైరత్ ఖాన్, సర్‌బరాహ్ ఖాన్ అనే పెద్ద అధికారులను పట్టుకుపోయారు. తానీషా వాళ్లను చంపలేదు, జైల్లో వేయలేదు. కోటలోని ధాన్యం కొట్లు, మందు కొట్లు తిప్పి చూపించాడు. చూశారా, మాకేం తక్కువ లేదు అని. తర్వాత మర్యాద చేసి పంపుతూ, ముట్టడి ఎత్తేస్తే కప్పం కడతానని, మీ సైన్యానికి ఐదారు లక్షల మణుగుల ధాన్యం కూడా పంపిస్తానని కబురు పెట్టాడు. చేతులు కట్టుకొని, మెడలో తాడు వేసుకొని వస్తే అప్పుడు చూద్దామన్నాడు ఔరంగజేబు.

జూన్ 20 పొద్దున మొదటి సొరంగానికి నిప్పు పెట్టారు. సైన్యం మొత్తం ఉరకడానికి సిద్ధంగా నిలబడి ఉంది. కోట బురుజు కదల్లేదు. పేలుడు వెనక్కి తన్నింది. రాళ్లు, మట్టి అంతా మొగల్ సైన్యం మీద పడింది. ఆ ఒక్క దెబ్బకు 1,100 మంది పోయారని రాశారు. ఆ ఏడుపులు, గందరగోళంలో కోటవాళ్లు బయటికి దూకి ముందు వరస కందకాలు పట్టుకున్నారు. మొగలులు చాలామందిని పోగొట్టుకొని వాటిని మళ్లీ తీసుకున్నారు. అప్పుడు రెండో సొరంగం అంటించారు. మళ్లీ అదే జరిగింది, మళ్లీ సొంతవాళ్లే చచ్చారు.

ఫిరోజ్ జంగ్ ఉన్న సైన్యంతో గోడ మీదికి పోయాడు. కోట నుంచి గుండ్ల వాన. ఔరంగజేబే స్వయంగా ముందుకొచ్చాడు. ఇంతలో నిజం వాన కూడా అందుకుంది, గాలివాన. వాగులు పొంగాయి, తవ్విన కందకాలన్నీ నీళ్లతో నిండాయి. పొద్దుగూకే వేళకు మొగలులు వెనక్కి తగ్గారు. కోటవాళ్లు మళ్లీ బయటికొచ్చి కందకంలో నింపిన కట్టెలు, వేల సంచులు ఎత్తుకుపోయారు. దెబ్బతిన్న గోడ సందుల్లో అవే సంచులు కూరుకున్నారు. పాదుషా వజూ చేసుకొని కుట్టిన సంచి కూడా ఏ బురుజు సందులో పడి ఉందో ఎవరికెరుక.

మరునాడు జూన్ 21. పాదుషా చూస్తుండగా మూడో సొరంగం అంటించారు. అది పేలనే లేదు. నీళ్లు నింపింది అదే.

ముట్టడి శిబిరంలోనే ఉన్న నియామత్ ఖాన్ ఆలీ అనే కవి ఈ ముట్టడిని, తమ సేనానుల తంటాలను ఎగతాళి చేస్తూ రాశాడు. శత్రువు కాదు, సొంత మనిషే.

ఇంతవరకు చెప్పి ఆపితే వినడానికి బాగుంటది. మన నేల మీద పనోళ్లు గడ్డపార, కుండెడు నీళ్లతో హిందుస్తాన్ పాదుషాను ఆపారని గర్వంగా చెప్పుకోవచ్చు. అది అబద్ధం కాదు. కానీ రైతుగా నాకు ఈ కథలో ఇంకో లెక్క కనిపిస్తది. దాన్ని పక్కన పెట్టి గర్వపడటం నా వల్ల కాదు.

తేదీలు చూడండి. జూన్ 21న మూడో సొరంగం ఆరిపోయింది. కోట పడింది సెప్టెంబర్ 21న. సరిగ్గా మూడు నెలలు. ఈ మూడు నెలలు ఏ నెలలు? మృగశిర కార్తె దాటినప్పటి నుంచి వానాకాలం పంట మొత్తం. నారు పోసే కాలం, నాటు వేసే కాలం, కలుపు తీసే కాలం.

అంతకుముందు ఏడాది 1686లో వానలు పడలేదు. జొన్న, సజ్జ ఎండిపోయాయి. ఆ మీదట యుద్ధం. 1687లో వానలు పడ్డాయి, అతిగానే పడ్డాయి. కానీ మళ్లలోకి దిగేదెవరు? చుట్టూ సైన్యాలు. మొగల్ సైన్యానికి గింజలు అందకుండా మరాఠా గుర్రాలు, గోల్కొండ గుర్రాలు దారులు కాచాయి. ధాన్యం బండి కనపడితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. మన మంజీర పొంగడంతో అటు నుంచి రావాల్సిన సరుకు ఆగిపోయింది. వరి పండే సీమలో నాట్లు పడలేదు. కరువు వెనకే రోగాలు వచ్చాయి. హైదరాబాద్ పట్నంలో ఇళ్లలో, వాగుల్లో, బయళ్లలో శవాలు నిండిపోయాయని ఆనాటివాళ్లు రాశారు. మొగల్ శిబిరంలోనూ అదే గతి. వానలు తగ్గాక తెల్లటి ఎముకల కుప్పలు దూరం నుంచి మంచు గుట్టల్లా కనిపించాయట.

కోట లోపల మాత్రం గింజలున్నాయి. గుట్ట ఎక్కేటప్పుడు అంబర్‌ఖానా కనిపిస్తది, చూసే ఉంటారు. ధాన్యం కొట్టు. పట్టుబడ్డ అధికారులకు తానీషా చూపించింది ఇట్లాంటి కొట్లే. ఆ గింజలు ఎక్కడివి? మన వెనకటోళ్ల కళ్లాల మీది నుంచి శిస్తు కింద పోయినవే. గింజ కోటలోకి పోయింది, పండించినోడు గోడ బయట ఉండిపోయాడు. శత్రు సైన్యానికి పంపిస్తానన్న ఐదారు లక్షల మణుగుల్లో కొంతైనా ఊళ్లకు పంపుదామన్న మాట ఆ కబురులో లేదు. తానీషా మెత్తని మనిషని, కవులను, ఫకీర్లను ఆదరించాడని చెప్తారు. ఔరంగజేబు పట్టు వదలని మనిషని చెప్తారు. ఇద్దరిలో ఎవరి గుణం చూసినా, ఆ ఏడాది మడిలో నాటు పడలేదు.

సొరంగాలు పోయాక ఔరంగజేబు తవ్వడం ఆపి, కట్టెలు, మట్టితో కోట చుట్టూ ఇంకో గోడ కట్టించాడు. లోపలికి ఎవరూ పోకుండా, బయటికి ఎవరూ రాకుండా. ఇంకో పక్క డబ్బు సంచులు విప్పాడు. చివర ఏమైందో అందరికీ తెలిసిందే. సెప్టెంబర్ 21 తెల్లవారుజామున మూడు గంటల వేళ అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తిని చిన్న తలుపు తీశాడు. ఆయన అంతకుముందు బీజాపూర్ వదిలి మొగలుల దగ్గరికి, మొగలులను వదిలి గోల్కొండకు వచ్చిన మనిషే. అబ్దుర్ రజాక్ లారీ ఒక్కడు గుర్రమెక్కి 70 గాయాలయ్యే దాకా కొట్లాడాడు. ఆయన ధైర్యం చూసి ఔరంగజేబే వైద్యులను పంపి బతికించాడు. తానీషాను దౌలతాబాద్ కోటకు పంపారు, అక్కడే ఖైదులో పోయాడు. మొగల్ సైన్యం లోపలికి వచ్చిన దర్వాజాకు ఫతే దర్వాజా అని పేరు. ఫతే అంటే గెలుపు.

మనం ఈ కథ చెప్పుకునేటప్పుడు ఎప్పుడూ ఇద్దరి పేర్లే చెప్తాం. తలుపు తీసినోడు పనీ, తలుపు కాడ నిలబడ్డోడు లారీ. ద్రోహి ఒకడు, వీరుడు ఒకడు. కానీ లంచం దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందో ఆలోచించండి. ఒక్కోదానిలో 500 మణుగుల మందు పోసి మూడు సొరంగాలు పెట్టినా బురుజు లేవలేదు కాబట్టి. అది లేవకుండా చేసింది సర్దార్లు కాదు. నేలకు చెవి ఆనించి గడ్డపార చప్పుడు ఎటు నుంచి వస్తుందో గుర్తుపట్టినోళ్లు, నిప్పురవ్వ పడితే బూడిదయ్యే చోట మోకాళ్ల మీద పాకి మందు తోడినోళ్లు, కుండలతో నీళ్లు మోసినోళ్లు. వాళ్ల పేరు మీద అక్కడ ఒక్క బురుజు కూడా లేదు.

అదే కాలంలో గోడ బయట నాటు వేయలేక పస్తులతో పోయినోళ్ల పేర్లు కూడా ఏ రాతలోనూ లేవు. గోడ లోపల గడ్డపార పట్టినోడు, గోడ బయట నాగలి పట్టినోడు ఒక్క తీరు మనుషులే, బహుశా ఒక్క ఊరి మనుషులే. లోపలోడు తన పని తాను బాగా చేసినందుకు కోట మూడు నెలలు నిలిచింది. కోట నిలిచిన ఆ మూడు నెలలూ బయటోడి అదును పోయింది. ఇందులో పనోడి తప్పేం లేదు. ఎవరి కిందికో సొరంగం తవ్వమన్నోళ్లు, గింజలు గోడ లోపల పెట్టి తాళం వేసినోళ్లు, వాళ్లిద్దరిదే ఆ లెక్క.

ఈసారి పిల్లలను తీసుకొని గోల్కొండకు పోతే చప్పట్లు కొట్టి పైన వినిపించే కాడ ఎట్లాగూ ఆగుతారు. దాంతో పాటు బయటి ప్రాకారం దగ్గర కూడా ఒక పది నిమిషాలు ఆగండి. బురుజు పైకి కాదు, దాని కిందికి చూపించండి. ఇక్కడ మన్ను లోపల యుద్ధం జరిగిందని, నీళ్లు మందును ఓడించాయని చెప్పండి. ఆ ఏడాది చుట్టూ ఉన్న మళ్లు బీడుపడ్డాయని కూడా చెప్పండి. రెండూ చెప్తేనే కథ పూర్తవుతది.

మీ ఊర్లలో పాత బురుజులు, గడీలు ఉంటే, వాటి కింద ధాన్యం పాతర్ల గురించి మీ పెద్దలు చెప్పిన ముచ్చట్లు ఉంటే నాకు చెప్పండి.